అలర్ట్ వచ్చింది, చూసినవాడే లేడు: నాగియోస్ నుంచి డేటాడాగ్ దాకా ఆరు వారాల టెస్ట్

మీ ఫోన్‌లో బ్యాటరీ సెట్టింగ్స్ ఒకసారి ఓపెన్ చేయండి. రెండు లెక్కలు కనిపిస్తాయి. ఒకటి, ఇప్పుడు ఎంత శాతం ఉంది. రెండోది, ఇలాగే వాడితే ఇంకా ఎంతసేపు వస్తుంది. 40 శాతం ఉన్నా గేమ్ ఆడుతుంటే గంటన్నరలో ఖాళీ అయిపోతుంది. 15 శాతమే ఉన్నా జేబులో పెట్టేస్తే తెల్లారే దాకా వస్తుంది. అంటే మనకి నిజంగా పనికొచ్చేది రెండో లెక్క.

ఫోన్‌లో ఇది చిన్నపిల్లాడికి కూడా తెలుసు. బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి, నలభై సర్వర్లు చూసుకునే నాకు మాత్రం సర్వర్ల విషయంలో తట్టలేదు. దాని దెబ్బ విజయవాడలోని ఒక మందుల ఏజెన్సీకి తగిలింది.

మాది హైదరాబాద్‌లో చిన్న కంపెనీ. డిస్ట్రిబ్యూటర్లకి బిల్లింగ్, స్టాక్ సాఫ్ట్‌వేర్ చేసి, దాన్ని మా సర్వర్ల మీదే నడిపి ఇస్తాం. ఒక గురువారం సాయంత్రం ఆరింటికి ఒక రెప్లికా డేటాబేస్ సర్వర్‌ని తీసేశాం. పాతది, ఖర్చు దండగ అని. తీసింది నేనే. కానీ మెయిన్ పోస్ట్‌గ్రెస్ సర్వర్‌లో ఆ రెప్లికా కోసం పెట్టిన రెప్లికేషన్ స్లాట్‌ని డిలీట్ చేయడం మర్చిపోయాను. స్లాట్ ఉన్నంతకాలం పోస్ట్‌గ్రెస్ ఏమనుకుంటుందంటే, "ఆ రెప్లికా ఎప్పుడో వస్తుంది, దానికి ఇవ్వాల్సిన లాగ్ ఫైళ్లు దాచిపెట్టాలి" అని. వచ్చేవాడు లేడు, దాచడం మాత్రం ఆగలేదు. ఒక్కో ఫైలు 16 ఎంబీ. మా దగ్గర స్టాక్ సింక్ జాబ్ రాత్రీపగలూ నడుస్తుంది కాబట్టి గంటకి ఇంచుమించు 1.4 జీబీ చొప్పున పేరుకుపోతూ వచ్చింది. డిస్క్ 200 జీబీ, అప్పటికే 90 వాడేశాం.

సోమవారం అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకి డిస్క్ ఫుల్. పోస్ట్‌గ్రెస్ ఆగిపోయింది. పొద్దున్నే 6:45కి ఏజెన్సీ ఓనర్ ఫోన్ చేశాడు. "బాబూ, మీ సాఫ్ట్‌వేర్ ఓపెన్ అవ్వట్లేదు, వ్యాన్లు లోడింగ్‌కి నిలబడి ఉన్నాయి." మందులు బిల్లు లేకుండా గేటు దాటకూడదు. ఇన్సులిన్ బాక్సులు ఫ్రిజ్‌లో ఉన్నాయి, మెడికల్ షాపుల వాళ్లు ఫోన్లు చేస్తున్నారు. ఆయన అటక మీద నుంచి పాత బిల్ బుక్కులు దింపి, కార్బన్ పేపర్ పెట్టి చేత్తో రాయించడం మొదలుపెట్టాడు. మేము డిస్క్ సైజు పెంచి, డేటాబేస్ లేపి, స్లాట్ తీసేసే సరికి పదింపావు అయింది. (ఇలాంటప్పుడు ఆ లాగ్ ఫైళ్లని చేత్తో డిలీట్ చేయాలనిపిస్తుంది. చచ్చినా చేయకండి, డేటాబేస్ మొత్తం పాడవుతుంది.)

అసలు విషయం ఇది కాదు. మా దగ్గర మానిటరింగ్ ఉంది. నాగియోస్ పెట్టి ఉంది. అది శనివారం రాత్రి 8కి వార్నింగ్ మెయిల్ పంపింది. ఆదివారం పొద్దున పదిన్నర లోపే క్రిటికల్ పంపింది. డేటాబేస్ పడిపోయాక అదీ పంపింది. అన్నీ నా మెయిల్‌బాక్స్‌లో ఒక ఫోల్డర్‌లో పడ్డాయి. ఆ ఫోల్డర్‌లోకి వెళ్లేలా రూల్ రాసుకున్నది నేనే. అందులో చదవని మెయిల్స్ 11 వేలు దాటి ఉన్నాయి.

మధ్యాహ్నం టీమ్ లీడ్ పిలిచాడు.

"అన్నా, మెయిల్ వచ్చింది. నేనే చూడలేదు," అన్నాను.

"అది నాకూ కనిపిస్తోంది. ఎందుకు చూడలేదో చెప్పు. తిట్టడానికి కాదురా, నిజంగానే అడుగుతున్నా."

చెప్పాను. బ్యాకప్ సర్వర్ డిస్క్ ఎప్పుడూ 85 శాతం దగ్గరే ఉంటుంది, దాని గురించి గంటకో మెయిల్. ఒక స్విచ్ పోర్ట్ రోజుకి పదిసార్లు పడి లేస్తుంది, దానికో మెయిల్. నాన్నా పులి కథే. పులి వచ్చిన రోజు ఎవరూ కదల్లేదు. "సరే, అయితే కొత్త టూల్స్ చూడు, ఆరు వారాలు టైమ్ తీసుకో, నాకు ఏది కొనాలో చెప్పు" అన్నాడు.

నేను ఫీచర్ల లిస్టులు పక్కన పెట్టి ఒకటే టెస్ట్ పెట్టుకున్నాను. ఒక టెస్ట్ సర్వర్‌లో 200 జీబీ డిస్క్, గంటకి 1.4 జీబీ నింపే స్క్రిప్ట్, గురువారం సాయంత్రం ఆరింటికి స్టార్ట్. ప్రతి టూల్‌కీ అదే పరీక్ష. నాకు ఎప్పుడు చెప్పింది, చెప్పినప్పుడు నేను నమ్మేలా చెప్పిందా?

నాగియోస్‌ని తిట్టకండి

నాగియోస్‌ని ఈథన్ గాల్‌స్టాడ్ 1999లో నెట్‌సెయింట్ అనే పేరుతో రిలీజ్ చేశాడు. అంటే మనలో చాలామంది అప్పుడు ఎల్‌కేజీలో కూడా లేము. చూడ్డానికి కూడా ఆ కాలంలోలాగే ఉంటుంది. కానీ దాని ఐడియా ఎంత సింపులో చూడండి. ఏ భాషలోనైనా ఒక చిన్న స్క్రిప్ట్ రాయండి. అది 0 ఇస్తే ఓకే, 1 ఇస్తే వార్నింగ్, 2 ఇస్తే క్రిటికల్, 3 ఇస్తే తెలీదు. అంతే, అదే ప్లగిన్. తర్వాత వచ్చిన చాలా టూల్స్ కూడా ఈ ప్లగిన్లని నడిపించుకోగలవు.

తక్కువేంటంటే, డిస్క్ చెక్ ఈ క్షణాన ఎంత ఉందో చూసి గీత దాటిందో లేదో చెబుతుంది. ఎంత వేగంగా నిండుతోందో అది పట్టించుకోదు. కావాలంటే ఆ ప్లగిన్ మనమే రాసుకోవాలి. టెస్ట్‌లో మళ్లీ శనివారం రాత్రి 8కే చెప్పింది, ఎందుకంటే మేము పెట్టిన గీత 80 శాతం. ఆ 85 శాతం బ్యాకప్ డిస్క్ మీద మెయిల్స్ ఆపకపోవడం కూడా మా తప్పే, నాగియోస్‌ది కాదు.

జాబిక్స్: నేర్చుకోవడం కష్టం, తర్వాత సుఖం

జాబిక్స్ లాత్వియా దేశంలోని రీగా నుంచి వచ్చింది. అలెక్సీ వ్లాదిషెవ్ బ్యాంకులో పనిచేస్తూ సొంత అవసరానికి మొదలుపెట్టి, 2001లో ఓపెన్ సోర్స్‌గా బయటపెట్టాడు. మొత్తం ఫ్రీ, "ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో మాత్రమే" అనే తాళాలు లేవు. సపోర్ట్ కావాలంటే డబ్బు కట్టాలి. 2024లో వచ్చిన 7.0 నుంచి లైసెన్స్ ఏజీపీఎల్‌కి మారింది. కంపెనీలో లోపల వాడుకునేవాళ్లకి తేడా ఏమీ లేదు, దాన్ని మార్చి సర్వీస్‌గా అమ్మేవాళ్లు మాత్రం చదువుకోవాలి.

మొదటి మూడు రోజులు నాకు చుక్కలు కనిపించాయి. హోస్ట్, ఐటమ్, ట్రిగ్గర్, యాక్షన్, మీడియా టైప్... ఒక్క టెలిగ్రామ్ మెసేజ్ రావడానికి ఇన్ని మెట్లు ఎక్కాలి. కానీ లినక్స్, విండోస్, స్విచ్‌లు అన్నింటికీ రెడీమేడ్ టెంప్లేట్లు ఉన్నాయి. ముఖ్యంగా టైమ్‌లెఫ్ట్ అనే ఫంక్షన్ ఉంది. గత కొన్ని గంటల వేగం చూసి, ఈ లెక్కన సున్నాకి రావడానికి ఎంత టైమ్ ఉందో చెబుతుంది. ఫోన్ బ్యాటరీలో రెండో లెక్క అన్నమాట. ఇంకోటి, ట్రిగ్గర్ డిపెండెన్సీ: రౌటర్ పడిపోతే దాని వెనకున్న ముప్పై సర్వర్ల గురించి ముప్పై మెసేజ్‌లు రావు, రౌటర్ గురించి ఒకటే వస్తుంది.

జాగ్రత్త పడాల్సింది దాని డేటాబేస్ దగ్గర. సేకరించినదంతా మైఎస్‌క్యూఎల్‌లోనో పోస్ట్‌గ్రెస్‌లోనో పడుతుంది. పాత డేటా ఎన్నాళ్లు ఉంచాలో మొదటి రోజే తేల్చుకోకపోతే, డిస్క్ నిండుతోందా అని చూసే సర్వర్ డిస్కే నిండిపోతుంది. నవ్వకండి, రెండో వారంలో నాకు దాదాపు అలాగే అయింది.

ప్రొమీథియస్, గ్రఫానా: అందరికీ నచ్చే జంట

2012లో సౌండ్‌క్లౌడ్‌లో పుట్టింది ప్రొమీథియస్. గూగుల్ లోపల వాడే బోర్గ్‌మాన్ ఆలోచనని తీసుకుని అక్కడికి వచ్చిన మాజీ గూగుల్ ఇంజనీర్లు చేశారు. 2016లో సీఎన్‌సీఎఫ్‌లో చేరింది, కుబర్నెటీస్ తర్వాత అందులో చేరిన రెండో ప్రాజెక్ట్ ఇదే. కంటెయినర్లు పుట్టి చచ్చే చోట దీనికి సాటి లేదు. సర్వర్లు దీనికి డేటా పంపవు, ఇదే వెళ్లి ఒక్కో సర్వర్ తలుపు తట్టి తెచ్చుకుంటుంది. తలుపు తీయలేదంటే అదే ఒక అలర్ట్.

ఇందులో ప్రెడిక్ట్ లీనియర్ అనే ఫంక్షన్ ఉంది. ఇక్కడే నాకు ఈ ఆరు వారాల్లో అసలు పాఠం తెలిసింది. ఎక్కువమంది వాడే రెడీమేడ్ రూల్ ఇలా ఉంటుంది: డిస్క్‌లో ఖాళీ 40 శాతం కంటే తగ్గి, గత 6 గంటల వేగం ప్రకారం వచ్చే 24 గంటల్లో నిండేలా ఉంటే అలర్ట్ ఇవ్వు. చదవగానే అద్భుతం అనిపించింది. స్క్రిప్ట్ స్టార్ట్ చేశాను. శనివారం రాత్రి 8 దాటింది, నాగియోస్ వార్నింగ్ వచ్చేసింది, ప్రొమీథియస్ నోరు మెదపలేదు. శనివారం అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకి చెప్పింది. పాత నాగియోస్ కంటే నాలుగున్నర గంటలు లేటు!

తప్పు టూల్‌ది కాదు. డిస్క్ నిండేది సోమవారం పన్నెండున్నరకి అయితే, దానికి 24 గంటల ముందు అంటే ఆదివారం పన్నెండున్నరే కదా. లెక్క కరెక్టే. కానీ శనివారం, ఆదివారం ఎవరూ ఆఫీసులో ఉండరన్న సంగతి ఆ లెక్కకి తెలీదు. 24ని 72 చేసి మళ్లీ స్టార్ట్ చేశాను. ఈసారి శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకి అలర్ట్ వచ్చింది. అందరం సీట్లలోనే ఉన్నాం, టీ టైమ్ కూడా కాలేదు. ఆ రోజు ఇది ఉండి ఉంటే నేను స్లాట్ డిలీట్ చేసి, ఆరింటికి మెట్రో ఎక్కేవాణ్ణి.

ఇదే రూల్‌ని జాబిక్స్‌లో రాసినా రిజల్ట్ అదే వచ్చింది. కాబట్టి ఏ టూల్ తీసుకున్నా, ముందుచూపు మీ వీకెండ్ కంటే పొడుగ్గా ఉందో లేదో చూసుకోండి. సంక్రాంతికి ఆఫీసు నాలుగు రోజులు మూస్తే దానికీ ఒక లెక్క ఉండాలి. రాత్రి బ్యాకప్ టైమ్‌లో డిస్క్ ఒక్కసారిగా ఎగిసినప్పుడు ఇలాంటి రూల్స్ దొంగ అలర్ట్‌లు ఇస్తాయి. ఆ పరిస్థితి కనీసం గంటసేపు ఉంటేనే చెప్పమని పెడితే చాలావరకు తగ్గుతాయి. పైన చెప్పిన టైమ్‌లు ఆ గంట కలపకుండా వేసినవి.

గ్రఫానా గురించి రెండు ముక్కలు. అందంగా ఉంటుంది, డార్క్ థీమ్‌లో గ్రాఫులు చూస్తే స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టాలనిపిస్తుంది. మేము హాల్లో పెద్ద టీవీకి పెట్టాం. వారం తర్వాత ఆ టీవీలో క్రికెట్ వస్తోంది. డ్యాష్‌బోర్డ్ అనేది ప్రాబ్లమ్ వచ్చాక కారణం వెతకడానికి పనికొస్తుంది, కాపలాకి కాదు. ఇంకో మాట, ప్రొమీథియస్ సెట్టింగ్ మార్చకపోతే డేటాని 15 రోజులే ఉంచుతుంది. "పోయిన సంవత్సరం ఇదే టైమ్‌కి ఎలా ఉంది" అని అడిగే బాస్ ఉంటే ముందే చూసుకోవాలి.

డబ్బు కట్టేవి

డేటాడాగ్ ఇన్‌స్టాల్ చేయడానికి నాకు పట్టిన టైమ్ టీ తాగేంత. ఒక కమాండ్, అయిపోయింది. 14 రోజుల ట్రయల్‌లో మా టీమ్ మొత్తానికి నచ్చింది కూడా. ఫోర్‌కాస్ట్ మానిటర్ ఉంది, మీరు తీసుకునే ప్లాన్‌లో అది ఉందో లేదో మాత్రం చూసుకోండి. నేను చూసినప్పుడు ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ప్రో ప్లాన్ సంవత్సరానికి కడితే ఒక్కో హోస్ట్‌కి నెలకి 15 డాలర్లు. మా నలభైకి 600 డాలర్లు, మన డబ్బుల్లో 50 వేల పైనే. లాగ్స్‌కి వేరే, అప్లికేషన్ ట్రేసింగ్‌కి వేరే. నలుగురు మాత్రమే ఉన్న, సర్వర్లు చూసుకునే మనిషి లేని స్టార్టప్ అయితే ఇది దండగేమీ కాదు, ఎందుకంటే ఒక ఇంజనీర్ జీతం కంటే తక్కువే. కానీ సేల్ రోజు ఆటో స్కేలింగ్‌లో సర్వర్లు పెరిగితే బిల్లు కూడా పెరుగుతుందని ఫైనాన్స్ వాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

కొనే టూల్స్‌లో అసలు పోల్చాల్సింది లెక్కపెట్టే యూనిట్. డేటాడాగ్ హోస్ట్‌కి తీసుకుంటుంది. చెన్నైకి చెందిన జోహో వాళ్ల ఆప్‌మేనేజర్ డివైస్‌కి తీసుకుంటుంది. జర్మనీ కంపెనీ పేస్లర్ చేసే పీఆర్‌టీజీ సెన్సర్లు లెక్కపెడుతుంది. ఒక సర్వర్ సీపీయూ ఒక సెన్సర్, డిస్క్ ఇంకోటి, స్విచ్‌లో ఒక్కో పోర్ట్ ఒక్కోటి. పీఆర్‌టీజీ 100 సెన్సర్ల దాకా ఫ్రీ, వినడానికి చాలా అనిపిస్తుంది. 24 పోర్టుల స్విచ్‌లు నాలుగు పెడితే 96 అయిపోయాయి. కాలేజీ ల్యాబ్‌లో, చిన్న ఆఫీసులో, విండోస్ మెషీన్లు, స్విచ్‌లు, ప్రింటర్లు ఎక్కువున్న చోట ఈ రెండూ హాయిగా ఉంటాయి. లినక్స్ కమాండ్లంటే భయపడే అడ్మిన్ కూడా మౌస్‌తోనే నెట్టుకొస్తాడు.

కాపలావాడి చేతిలో తాళాలు

ఇది చాలా రివ్యూల్లో ఉండదు. మానిటరింగ్ సర్వర్‌కి మీ నెట్‌వర్క్‌లో అన్నింటి దగ్గరికీ దారి ఉంటుంది, చాలాచోట్ల పాస్‌వర్డులు కూడా. 2020 డిసెంబర్‌లో బయటపడిన సోలార్‌విండ్స్ కథ గుర్తుందా? వాళ్ల ఓరియన్ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోనే హ్యాకర్లు తమ కోడ్ కలిపేశారు. ఆ అప్‌డేట్ దాదాపు 18 వేల కస్టమర్ల దగ్గరికి చేరి ఉండొచ్చని కంపెనీయే చెప్పింది, వాళ్లలో అమెరికా ప్రభుత్వ శాఖలు కూడా ఉన్నాయి. కంచే చేను మేయడం అంటే ఇదే. మా దగ్గర చూస్తే నాగియోస్ అకౌంట్‌కి సగం సర్వర్లలో రూట్ పర్మిషన్ ఉంది, ఎప్పుడో ఎవరో తొందరలో ఇచ్చారు. స్విచ్‌లలో ఎస్‌ఎన్‌ఎంపీ పాస్‌వర్డ్ లాంటిది ఇంకా "పబ్లిక్" అనే ఉంది. టూల్ మార్చకముందే ఈ రెండూ సరిచేశాం.

ఇంకో ప్రశ్న, మానిటరింగ్ సర్వరే పడిపోతే ఎవరు చెబుతారు? 2017 ఫిబ్రవరి 28న అమెరికాలో అమెజాన్ ఎస్3 పడిపోయినప్పుడు, వాళ్ల హెల్త్ డ్యాష్‌బోర్డ్‌ని కూడా చాలాసేపు అప్‌డేట్ చేయలేకపోయారు. కారణం, ఆ డ్యాష్‌బోర్డ్ కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉంది. ఒక తప్పు టైప్ చేసిన కమాండ్‌తో మొదలైంది ఆ గొడవంతా. అమెజాన్‌కే అలా అయితే మనమెంత.

చివరికి ఏం తీసుకున్నాం

జాబిక్స్. మా దగ్గర కుబర్నెటీస్ లేదు, సగం విండోస్, సగం లినక్స్, కొన్ని స్విచ్‌లు, డాలర్లలో నెలనెలా కట్టే స్తోమత లేదు. మీది మొత్తం కంటెయినర్లే అయితే కళ్లు మూసుకుని ప్రొమీథియస్ తీసుకోండి. జాబిక్స్‌ని కాపలా కాయడానికి, వేరే ప్రొవైడర్ దగ్గర ఒక చిన్న సర్వర్‌లో అప్‌టైమ్ కూమా పెట్టాం. ఫ్రీ, ఓపెన్ సోర్స్, పదినిమిషాల పని. ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై గానీ పాత ల్యాప్‌టాప్ గానీ ఉంటే మీరూ పెట్టి చూడండి. వైఫై రౌటర్, మీ పోర్ట్‌ఫోలియో సైట్, ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ ఎన్ని రోజుల్లో ఎక్స్‌పైర్ అవుతుంది, అన్నీ చూపిస్తుంది. సర్టిఫికెట్ అంటే చిన్నచూపు వద్దు. 2020 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ టీమ్స్ కొన్ని గంటలు ఆగింది సర్టిఫికెట్ ఎక్స్‌పైర్ అయ్యే.

టూల్ ఎక్కించడానికి వారం పట్టింది. అలర్ట్‌లు తీసేయడానికి నెల పట్టింది. అన్న ఒకటే రూల్ పెట్టాడు: ఫోన్ మోగాలంటే, ఆ టైమ్‌కి లేచి చేయాల్సిన పని ఒకటి ఉండాలి, ఆ పని ఏంటో అలర్ట్‌లోనే రాసి ఉండాలి. తెల్లారేదాకా ఆగగలిగేదైతే టికెట్. ఎవరూ ఏమీ చేయనిదైతే డిలీట్. ఆ బ్యాకప్ డిస్క్ గురించి "85 శాతం అని ఎందుకు చెబుతున్నాం?" అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు, పీకేశాం. ఒక్క అలర్ట్ కోసం మాత్రం నేను గొడవపడ్డాను: ఎవరూ కనెక్ట్ అవ్వని రెప్లికేషన్ స్లాట్ కనిపిస్తే పది నిమిషాల్లో చెప్పాలి. అన్న ఇంకోటి కలిపాడు, స్లాట్ ఎంతవరకు దాచుకోవచ్చో పరిమితి పెట్టే సెట్టింగ్. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ఉందట అది. మేము 15 వాడుతూ కూడా పెట్టుకోలేదు.

మూడు నెలల్లో రాత్రిపూట నా ఫోన్ నాలుగుసార్లు మోగింది. నాలుగుసార్లూ లేచాను. ఒకసారి మోగినందుకు తిట్టుకున్నాను కూడా, ఆ అలర్ట్ మర్నాడు టికెట్ లిస్ట్‌లోకి మారింది.

పోయిన నెల విజయవాడ వెళ్లినప్పుడు ఆ ఏజెన్సీకి వెళ్లాను, ప్రింటర్ సెట్ చేయడానికి. కౌంటర్ మీద కంప్యూటర్ పక్కనే బిల్ బుక్, కొత్త కార్బన్ పేపర్లు పెట్టి ఉన్నాయి. "ఇవెందుకండీ ఇంకా, కరెంట్ పోతుందా?" అని అడిగాను.

"కరెంట్‌కి ఇన్వర్టర్ ఉంది బాబూ," అన్నాడాయన. "ఇవి మీ కోసం."